ఫోనులో సొమ్ము: తాళం ఎవరిది, పూచీ ఎవరిది

సోలాపూర్ మరమగ్గాల మీదనో, భివండీ కార్ఖానాల్లోనో పనిచేసి నెలనెలా ఇంటికి డబ్బు పంపిన పాత తరానికి మనియార్డరు ఫారం బాగా తెలుసు. ఇరవై రూపాయలకు ఒక రూపాయి చొప్పున రుసుము కట్టాలి. అంటే నూటికి ఐదు. సొమ్ము పాలమూరుకో కరీంనగరుకో చేరడానికి రోజులు పట్టేది. ఫారం అడుగున ఉన్న కాస్త జాగాలో ఇరికించి రాసిన నాలుగు ముక్కలే ఉత్తరం. ఆ పద్ధతిలో ఆలస్యమూ ఖర్చూ ఉన్నప్పటికీ ఒక గుణం కూడా ఉండేది. సొమ్ము అందుకున్నవారి సంతకమో వేలిముద్రో ఉన్న రసీదు ముక్క మళ్లీ పంపినవారి చేతికి వచ్చేది. అది రాకపోతే వెళ్లి అడగడానికి ఒక తపాలా కార్యాలయం, ఒక కౌంటరు, దాని వెనుక ఒక మనిషి ఉండేవారు.

ఇప్పుడు అదే పని ఫోనులో క్షణాల మీద జరిగిపోతోంది. జాతీయ చెల్లింపుల సంస్థ 2016లో ప్రారంభించిన యూపీఐ ద్వారా 2025 ఆగస్టు ఒక్క నెలలోనే రెండు వేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. ఇంటికి పంపేవారు రుసుము కట్టనక్కర లేదు. చాయ్ టపరీ దగ్గర పది రూపాయలైనా, ఊళ్లో తల్లికి పంపే పది వేలైనా ఒకే తీరు. బ్యాంకు మెట్లు ఎక్కడానికే జంకిన కుటుంబాలకు ఇది నిజమైన అవకాశం. దీన్ని తక్కువ చేసి చూడడం తగదు. అయితే సొమ్ము దారి తప్పినప్పుడు వెళ్లి అడగవలసిన కౌంటరు మాత్రం కంటికి కనిపించకుండా పోయింది. బ్యాంకు యాప్ వైపు, యాప్ టెలిఫోన్ కంపెనీ వైపు, టెలిఫోన్ కంపెనీ పోలీసుల వైపు చూపిస్తారు.

డిజిటల్ లోకపు పాలనలో రక్షణ, విశ్వాసం, అవకాశం అనే మూడు మాటలు తరచు కలిసి వినిపిస్తాయి. తాళం బరువైతే దొంగతో పాటు ఇంటివాడు కూడా బయటే నిలబడతాడు. తాళం వదులైతే ఇల్లే ఉండదు. ఈ రెండింటి మధ్య విశ్వాసాన్ని నిలిపేది తాళం ఒక్కటే కాదు. నష్టం జరిగిన తరువాత పూచీ పడేవారు ఎవరన్న ప్రశ్నకు దొరికే జవాబు కూడా. ఆ జవాబు ప్రస్తుత నిబంధనల్లో ఎంతవరకు ఉన్నదో, ఎక్కడ లేదో తెలుసుకోవడం వలస కుటుంబాలకు అందరికంటే ఎక్కువ అవసరం. వారి ఖాతా ఒక రాష్ట్రంలో, ఫోను మరో రాష్ట్రంలో, రేషన్ కార్డు ఇంకెక్కడో ఉంటాయి గనుక.

నంబరే ఇంటి తలుపు

యూపీఐ భద్రత ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి బ్యాంకులో నమోదైన సిమ్ ఉన్న ఫోను, రెండోది పిన్. యాప్‌ను మొదటిసారి సిద్ధం చేసుకునేటప్పుడు ఫోను తనంతట తానే ఒక సందేశం పంపి, ఆ సిమ్ తనలోనే ఉన్నదని రుజువు చేస్తుంది. ఆ తరువాత చెల్లింపులకు సాధారణంగా పిన్ కావాలి. ఒకటి చేతిలో ఉండేది, మరొకటి మనసులో ఉండేది. ఒకటి పోయినా రెండోది కాపలా కాస్తుందన్నది దీని వెనుక ఆలోచన.

ఆలోచన మంచిదే. ఆచరణలో వలస వచ్చినవారికి బలహీనమైన చోటు ఫోను నంబరే. ఊళ్లో ఖాతా తెరిచిన రోజున మేనమామ పేరు మీద ఉన్న సిమ్ నంబరు ఇచ్చి ఉంటారు. నగరానికి వచ్చాక చవక ప్లాను కోసం కొత్త సిమ్ తీసుకుంటారు. పాత నంబరు రీచార్జి లేక మూగబోతుంది. కొన్ని నెలలు వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేసి, కనీసం 90 రోజులు ఆగిన తరువాత మరొకరికి కేటాయించవచ్చు. ఊళ్లోని బ్యాంకులో మాత్రం పాత నంబరే మిగిలి ఉంటుంది. అప్పుడు ఖాతాకు సంబంధించిన సందేశాలు, ఓటీపీలు ముక్కూ మొహం తెలియని వారి ఫోనుకు వెళ్తాయి. ఇందులో దొంగ ఎవరూ లేరు. అయినా తలుపు తెరిచే ఉంది.

రద్దయిన, చేతులు మారిన నంబర్లను బ్యాంకులూ యాప్‌లూ వారానికి ఒకసారైనా సరిచూసి తమ జాబితాలను సవరించుకోవాలని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 ఏప్రిల్ నుంచి నియమం పెట్టింది. అంతకంటే సులభమైన మార్గం నంబరు మార్చకపోవడమే. 2015 జులై నుంచి ఏ రాష్ట్రానికి వెళ్లినా నంబరు అదే ఉంచుకొని కంపెనీని మార్చుకునే వీలుంది. నంబరు ఎవరి పేరు మీద ఉన్నదో చూసుకోవడం మరో అవసరం. ఒక వ్యక్తి పేరు మీద గరిష్ఠంగా తొమ్మిది సిమ్‌లు ఉండవచ్చు. తన పేరుతో ఎన్ని నడుస్తున్నాయో కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు, తనవి కానివాటిని రద్దు చేయమని కోరవచ్చు.

మరో దారి దొంగది. బాధితుని పేరుతో సిమ్ పోయిందని చెప్పి నకలు సిమ్ తీసుకోవడం, వెంటనే దాన్ని మరో కంపెనీకి మార్చడం. దీన్ని అడ్డుకోవడానికి సిమ్ మార్చిన తరువాత 24 గంటల పాటు సందేశాలు ఆపివేసే పద్ధతి వచ్చింది. సిమ్ మార్చిన ఏడు రోజుల లోపు కంపెనీ మారే వీలు లేకుండా ట్రాయ్ 2024 జులై 1 నుంచి నిబంధన అమలు చేసింది. నిజంగానే లోకల్ రైల్లో ఫోను పోగొట్టుకున్న మనిషికి ఇది చికాకే. ఒక పూటంతా ఓటీపీ రాదు, జీతం ఖాతాలో ఉన్నా చేతికి రాదు. ఆ ఒక్క రోజు ఇబ్బంది వేల మంది ఖాతాలకు కాపలా అన్న లెక్కతో ప్రభుత్వం ఈ బేరం కుదుర్చుకుంది. ఇటువంటి బేరాల్లో ఇది న్యాయమైనదే అనాలి. ఇబ్బంది కొద్దిసేపటిది, అందరికీ సమానమైనది, ఎందుకో చెప్పదగినది.

డబ్బు అడిగే విన్నపం పంపే సౌకర్యం కథ కూడా ఇటువంటిదే. మొదట్లో యూపీఐలో ఒక వ్యక్తి మరో వ్యక్తికి 'ఇంత ఇవ్వండి' అని కోరిక పంపవచ్చు. అవతలివారు పిన్ కొడితే సొమ్ము కదిలేది. మిత్రులు భోజనం ఖర్చు పంచుకోవడానికి బాగానే ఉండేది. మోసగాళ్లు దీన్నే తిరగేశారు. పాత సైకిలు కొంటామనో, బహుమతి వచ్చిందనో చెప్పి, 'సొమ్ము అందుకోవడానికి పిన్ కొట్టండి' అన్నారు. పిన్ కొట్టినవారి ఖాతా ఖాళీ అయింది. సొమ్ము అందుకోవడానికి పిన్ అవసరం లేదని ఎన్ని ప్రకటనలు చేసినా మోసాలు ఆగకపోవడంతో, వ్యక్తుల మధ్య ఆ సౌకర్యాన్ని 2025 అక్టోబరు 1 నుంచి పూర్తిగా తీసివేశారు. ప్రజలకు పాఠం చెప్పడం కంటే పరికరాన్నే సరిదిద్దడం మేలన్న నిర్ణయమిది. అదే ఏడాది జూన్ చివరి నుంచి, సొమ్ము పంపే ముందు అవతలివారి పేరు బ్యాంకు పుస్తకంలో ఎలా ఉన్నదో అలాగే తెర మీద కనిపించే ఏర్పాటు కూడా వచ్చింది. ఆ పేరు చదవడానికి పట్టే రెండు క్షణాలు చాలా సొమ్మును కాపాడగలవు.

వేలిముద్ర అనే తాళంచెవి

పిన్ మరిచిపోతే మార్చుకోవచ్చు. వేలిముద్రను మార్చుకోలేరు. ఇదే ఆధార్ చుట్టూ జరిగిన వాదమంతటికీ మూలం.

మొదటి ఆధార్ సంఖ్య 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోనే, నందుర్బార్ జిల్లా టెంభలీ గ్రామంలో ఇచ్చారు. గుర్తింపు కాగితం ఏదీ లేని నిరుపేదలకు ఒక గుర్తింపు కల్పించడం దాని ఉద్దేశం. వలస కుటుంబాలకు దాని ఫలితం స్పష్టంగా కనిపించినది రేషన్ విషయంలో. ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు పథకం 2019 ఆగస్టులో రెండు జంట రాష్ట్రాలతో మొదలైంది. తెలంగాణ–ఆంధ్రప్రదేశ్ ఒక జంట, గుజరాత్–మహారాష్ట్ర మరొకటి. ఆ తరువాత దేశమంతా విస్తరించింది. నాగర్‌కర్నూలు కార్డు ఉన్న మేస్త్రీ కుటుంబం ఈ నగరపు చౌకధరల దుకాణంలో వేలు పెట్టి జాతీయ ఆహార భద్రత చట్టం కింద రావలసిన ధాన్యం తీసుకోవచ్చు. సగం కుటుంబం ఇక్కడ, సగం ఊళ్లో ఉంటే వాటా పంచుకొని కూడా తీసుకోవచ్చు.

అదే వేలిముద్ర మరో చోట ముప్పుగా మారింది. బ్యాంకు శాఖ లేని ఊళ్లలో చిన్న యంత్రం మీద వేలు పెట్టి సొమ్ము తీసుకునే ఆధార్ చెల్లింపు పద్ధతి ఒకటుంది. దానికి బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వేలిముద్ర చాలు. పిన్ గానీ ఓటీపీ గానీ అడగదు. అక్షరాలు రాని ముసలమ్మ పింఛను తీసుకోవడానికి అంతకంటే సులువైన మార్గం లేదు. దొంగకూ లేదు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద పడిన వేలిముద్రల నకళ్లు తీసి, ఆ పత్రాల్లోనే ఉన్న ఆధార్ సంఖ్యతో ఖాతాల్లోని సొమ్ము కాజేసిన కేసులు 2023లో బెంగళూరుతో సహా పలు చోట్ల బయటపడ్డాయి. దస్తావేజును అందరికీ అందుబాటులో ఉంచడం పారదర్శకత కోసం చేసిన పని. దాని మీది వేలిముద్రే మరో చోట తాళంచెవి అవుతుందని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ దీనికి ఇచ్చిన విరుగుడు వేలిముద్రలకు తాళం వేసుకునే సౌకర్యం. ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఎవరైనా తమ వేలిముద్రలను, కంటిపాప గుర్తును బంధించి ఉంచవచ్చు. అవసరమైనప్పుడు కాసేపు విప్పుకోవచ్చు. చాలామందికి చెప్పని సంగతి ఒకటుంది. తాళం వేసిన తరువాత రేషన్ దుకాణంలోని యంత్రం కూడా ఆ వేలిని గుర్తించదు. దుకాణం ముందు నిలబడి, ఆధార్‌కు జోడించిన ఫోనులో తాళం విప్పి, ఆ తరువాత వేలు పెట్టాలి. ఆ ఫోను పనికి వెళ్లిన కొడుకు జేబులో ఉంటే ఇంటి దగ్గరి తల్లికి ఆ రోజు బియ్యం ఉండవు. రక్షణకూ అవకాశానికీ మధ్య తగవు ఇంత చిన్న చోట కూడా తలెత్తుతుంది. ఆధార్ మీద సొమ్ము తీసుకునే అలవాటు లేని వారు, రేషన్ మరొకరి వేలితో తెచ్చుకునే వారు తాళం వేసుకోవడం మంచిది; వారం వారం వేలు పెట్టవలసిన వారు ఫోను చేతిలో ఉండేలా చూసుకున్నాకే వేసుకోవాలి.

బీడీలు చుట్టే చేతులకు, దారం లాగే చేతులకు ముద్రలు అరిగిపోవడం కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయమే. ఆధార్ సరిపోలలేదన్న ఒక్క కారణంతో అర్హులకు రేషన్ నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. యంత్రం తిరస్కరించినా చట్టం తిరస్కరించలేదు. మరో మార్గంలో గుర్తింపు చూపించి రేషన్ అడగవచ్చు.

పోయిన సొమ్ము ఎవరి లెక్కలో

ఖాతాదారు ప్రమేయం లేకుండా ఖాతా నుంచి సొమ్ము పోతే నష్టం ఎవరిదన్న ప్రశ్నకు భారతీయ రిజర్వు బ్యాంకు 2017 జులై 6న స్పష్టమైన జవాబు ఇచ్చింది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారు మీద పైసా భారం పడదు, ఫిర్యాదు చేసినా చేయకపోయినా. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో మరెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల లోపు తెలిపినవారికి నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలిపితే భారానికి పరిమితి ఉంది: కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయలు, మామూలు పొదుపు ఖాతాకు 10,000. ఏడు దాటితే ఆయా బ్యాంకుల విధానాన్ని బట్టి ఉంటుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల లోపు ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల లోపు తేల్చాలి. ఖాతాదారుదే తప్పని నిరూపించవలసిన బాధ్యత కూడా బ్యాంకుదే.

చివరి వాక్యం చిన్నదే గాని విలువ పెద్దది. కౌంటరులో 'తప్పు మీదే' అన్న మాట వినపడినప్పుడు, అది మాట కాదు, రుజువు కావాలి అని అడిగే హక్కు ఖాతాదారుకు ఉన్నదని దాని అర్థం. అలా అడిగేవారు తక్కువ.

అయితే ఖాతాదారు తానే పిన్నో ఓటీపీయో మరొకరికి చెబితే, బ్యాంకుకు తెలిపే క్షణం వరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది. అందుకే ఆలస్యమైన ప్రతి గంటకూ ధర ఉంటుంది. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 1930 నంబరుకు ఫోను చేసి, పని అయిపోయిందనుకుంటారు. 1930 పోలీసులకు సంబంధించినది. బ్యాంకుకు తెలిపినట్టు లెక్క కావాలంటే బ్యాంకుకు విడిగా ఫోను చేయాలి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. రెండూ ఒకే గంటలో జరగాలి. 1930లో లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం, ఏ ఖాతా నుంచి వెళ్లిందన్నది అడుగుతారు. ఆ వివరాలు సొమ్ము చేరిన బ్యాంకుకు వెళ్తాయి. సొమ్ము అక్కడే ఉంటే నిలుపుతారు, దాటిపోయి ఉంటే తరువాతి బ్యాంకుకు సమాచారం పంపుతారు. తరువాత జాతీయ సైబర్ నేర పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. ఖాతా తెలంగాణలో, మనిషి మహారాష్ట్రలో ఉన్నంత మాత్రాన 'అక్కడికి వెళ్లు' అని ఠాణాలో తిప్పి పంపకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయించవచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ఈ నిబంధనల వలలో చిక్కని చేప ఒకటుంది. 2017 నాటి నియమాలు ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీల కోసం రాసినవి. ఇప్పుడు జరుగుతున్న పెద్ద మోసాల్లో మీట నొక్కేది ఖాతాదారు చేయే. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనిపించిన మనిషి 'నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం' అని బెదిరిస్తే, భయపడి తనంతట తానే సొమ్ము పంపిన వృద్ధుని విషయంలో 'అనుమతి లేకుండా' అన్న మాట వర్తించదని బ్యాంకు వాదిస్తుంది. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దేశమంతటికీ చెప్పారు. చెప్పడం అవసరమే. కాని పోయిన సొమ్ము గురించి అది ఏమీ తేల్చదు.

బ్రిటన్ ఈ ప్రశ్నకు మరో జవాబు ఎంచుకుంది. అక్కడ 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తానే సొమ్ము పంపిన వ్యక్తికి 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరి సగం మోయాలి. ఘోరమైన నిర్లక్ష్యం చూపినవారికి మినహాయింపు ఉంది. దీనివల్ల ఖాతాదారుల్లో అజాగ్రత్త పెరుగుతుందన్న అభ్యంతరం ఉన్నది. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని అందుకున్న బ్యాంకును కూడా లెక్కలోకి తీసుకోవడంలో ఒక న్యాయం కనిపిస్తుంది. దొంగకు ఖాతా తెరిచి ఇచ్చింది, కాగితాలు చూశామని చెప్పింది ఆ బ్యాంకే గదా.

నిలిచిపోయిన ఖాతాలు

దొంగలు తమ పేరుతో ఖాతాలు తెరవరు. అద్దెకు తీసుకుంటారు. నాకాల మీద కూలి కోసం నిలబడే కుర్రవాళ్లను, కాలేజీ పిల్లలను పట్టుకొని 'నీ ఖాతా నెల రోజులు ఇవ్వు, ఇంత ఇస్తాం' అంటారు. పాసుపుస్తకం, సిమ్ ఇచ్చేసినవారికి ఆ ఖాతాలో ఏమి జరిగిందో తెలియదు. పోలీసుల దృష్టిలో మాత్రం మొదటి నిందితుడు వారే. కొత్తగా ఊరు దాటి వచ్చినవారు ఈ వలలో పడే ప్రమాదం ఎక్కువ. ఈ విషయం ఇంట్లో పిల్లలకు నోటితో చెప్పవలసినదే, పత్రికలో చదువుతారని వదిలివేయదగినది కాదు.

దీనికి మరో వైపు ఉంది. మోసపు సొమ్ము ఖాతాల గొలుసు వెంట పోతూ, మధ్యలో ఎవరో దానితో కూరగాయలో సెల్‌ఫోనో కొంటారు. 1930 ద్వారా వెళ్లిన సమాచారం ఆ గొలుసు వెంట నడిచి, ఏ పాపం ఎరుగని దుకాణదారు ఖాతా దాకా వస్తుంది. మూడు వందల రూపాయల వివాదానికి మొత్తం ఖాతా నిలిచిపోతుంది. రేపటి సరుకుకు డబ్బు లేదు, అద్దె కట్టలేరు, ఫిర్యాదు నమోదైనది ఏ రాష్ట్రంలోనో అర్థం కాదు. బాధితుని సొమ్ము కాపాడడానికి కట్టిన గోడ మరో నిరపరాధి మీద కూలినట్టయింది. 2023లో కేరళ హైకోర్టు ఇటువంటి కేసుల గుంపును విచారించి, పోలీసుల ఉత్తర్వులో ఉన్న మొత్తం మేరకే నిలుపుదల ఉండాలని, మిగిలిన సొమ్మును ఖాతాదారు వాడుకోనివ్వాలని చెప్పింది. తగవు మూడు వందలదైతే మూడు వందలే ఆపాలి. అంత సులువైన మాట చెప్పడానికి హైకోర్టు దాకా వెళ్లవలసి రావడమే విచిత్రం.

ఖాతా నిలిచిపోయినవారు బ్యాంకును లిఖితపూర్వకంగా మూడు విషయాలు అడగాలి: ఏ ఠాణా లేదా సైబర్ విభాగం కోరింది, ఫిర్యాదు సంఖ్య ఏమిటి, ఎంత మొత్తం వివాదంలో ఉంది. ఆ రోజు అమ్మకాల చీటీలో, వస్తువు ఇచ్చిన రుజువో దగ్గర ఉంటే ఆ అధికారికి పంపడం సులువవుతుంది. చిన్న వ్యాపారులు వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటి ఖర్చుకు మరో ఖాతా పెట్టుకోవడానికి ఇది చాలినంత కారణం.

తొమ్మిది మంది న్యాయమూర్తుల కొలబద్ద

రక్షణ పేరుతో ప్రభుత్వం ఎంతవరకు వెళ్లవచ్చన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఒక కొలబద్ద ఇచ్చింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్‌ను ప్రశ్నిస్తూ వేసిన పిటిషన్ పెరిగి పెద్దదై, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పేదాకా వచ్చింది. ఆ తొమ్మిది మందిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆ హక్కులోకి ప్రభుత్వం చొరబడాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, తీసుకున్న చర్య ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి. మరుసటి ఏడాది సెప్టెంబరు 26న అయిదుగురి ధర్మాసనం ఇదే కొలతతో ఆధార్‌ను పరీక్షించింది. సంక్షేమ పథకాలకు ఆధార్ ఉండవచ్చునని మెజారిటీ చెప్పింది. బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు తప్పనిసరి చేయడం చెల్లదని చెప్పింది.

2025 చివర ఈ కొలబద్ద మళ్లీ గుర్తుకు వచ్చింది. పైన చెప్పిన సంచార్ సాథీ యాప్ పోయిన ఫోనును పనికిరాకుండా చేయడానికి, దొంగ సిమ్‌లను గుర్తించడానికి ఉపయోగపడేదే. కొత్త ఫోన్లన్నింటిలో దాన్ని ముందుగానే ఉంచి అమ్మాలని కంపెనీలకు నవంబరు 28న టెలికాం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అది బయటికి పొక్కిన రెండు రోజుల్లో దేశమంతా చర్చ లేచింది. ప్రభుత్వ యాప్ అడగకుండా ఫోనులోకి వస్తే, అది ఏమి చూస్తుందో ఎవరు చెబుతారన్నది ప్రశ్న. డిసెంబరు 3న ఆ నిబంధనను ప్రభుత్వం ఉపసంహరించుకుంది. యాప్ ఇప్పుడూ ఉంది, ఇష్టమైనవారు వేసుకుంటారు. పరికరంలో ఏ మార్పూ లేదు. కోరి తెచ్చుకున్నప్పుడు కాపలాదారుగా కనిపించినది, చెప్పకుండా ఇంట్లోకి వచ్చేసరికి అనుమానాన్ని రేపింది. ఉపయోగం ఎంతదైనా అనుమతి అడగడంలో లోపం జరిగితే నమ్మకం ముందు దెబ్బతింటుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఇటీవల లేదు.

తెలుగులో అడిగే హక్కు

అనుమతి అడగడమే కేంద్రంగా వచ్చినది 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. వ్యక్తుల వివరాలు సేకరించే సంస్థ ఏ వివరాలు, ఎందుకోసం తీసుకుంటున్నదో ముందుగా తెలపాలి. ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు, అదీ ఇచ్చినంత సులువుగా. వివరాలు బయటికి పొక్కకుండా తగిన రక్షణ కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఆ జరిమానా మాత్రం ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది, నష్టపోయిన వ్యక్తికి కాదు. పైగా నిర్లక్ష్యంగా వివరాలు పోగొట్టిన కంపెనీ నుంచి పరిహారం కోరడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఎ సెక్షన్‌ను తొలగించే ఏర్పాటు కూడా ఈ చట్టంలోనే ఉంది. ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులు ఇచ్చే వీలుండడం మరో విమర్శ. పూచీ ఎవరిదన్న ప్రశ్నకు ఈ చట్టం సగం జవాబే ఇచ్చిందనాలి: తప్పు చేసినవారికి శిక్ష ఉంది, దెబ్బ తిన్నవారికి మందు లేదు.

అయినా ఈ చట్టంలో మహారాష్ట్రలోని తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన నిబంధన ఒకటుంది. అనుమతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు వ్యక్తికి కల్పించాలి. వ్యక్తి ఏ రాష్ట్రంలో ఉన్నాడన్న షరతు అందులో లేదు. అంటే సోలాపూర్‌లో అప్పు ఇచ్చే యాప్ అయినా, ముంబయిలో ఫోను మీద పద్దు నడిపే కంపెనీ అయినా, తెలుగులో అడిగినవారికి తెలుగులో చూపాలి. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బయట మరాఠీలో బేరమాడుతూ, ఇంగ్లీషు పత్రాల మీద సంతకాలు పెడుతూ వచ్చినవారికి ఇది కొత్త సంగతి. ఫోను తెర మీద 'అంగీకరిస్తున్నాను' అన్న గడిని నొక్కేముందు అందులో ఏమున్నదో చదివినవారు ఎందరు? చదవలేని భాషలో ఇచ్చిన అంగీకారాన్ని అంగీకారమనడం కష్టం.

ఈ నిబంధనతో సహా చట్టంలోని ముఖ్య బాధ్యతలన్నీ నియమావళి వెలువడిన పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మే నాటికి అమల్లోకి వస్తాయి. అప్పటివరకు, అప్పు పత్రం మీద గానీ సిమ్ దరఖాస్తు మీద గానీ సంతకం పెట్టేముందు అందులో ఏమున్నదో తెలిసిన భాషలో చదివి వినిపించమని కౌంటరులో అడగడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.